మూడడుగుల పైపు పెట్టాం, కుంట నిండట్లేదు, కిందికి మాత్రం ఎర్రనీళ్లు

సైట్_సతీష్ | జులై 8, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మొదటిసారి. హైదరాబాద్ పడమటి శివార్లలో ఒక లేఅవుట్‌లో సైట్ ఇంజనీరుని. చేరి పద్నాలుగు నెలలు. ఊరు, కంపెనీ పేరు దయచేసి అడగొద్దు.

మొత్తం 20 ఎకరాలు, అంటే 8 హెక్టార్లు. రోడ్లు, డ్రెయిన్లు అయిపోయాయి. ఇళ్లు మూడోవంతు లేచాయి. మిగతాదంతా చదును చేసి వదిలేసిన ఎర్రమట్టి. పల్లంలో ఒక మూల కుంట కట్టాం: 60 మీటర్ల పొడవు, 30 వెడల్పు, ఆరడుగుల లోతు, చుట్టూ నిటారు రాతిగోడ. దిగువ గోడలో అడుగుమట్టానికి 900 మి.మీ. హ్యూమ్ పైపు (సిమెంటు పైపు). అది నాలాలో కలుస్తుంది, ఆ నాలా పక్క ఊరి చెరువులో కలుస్తుంది.

మొన్న రెండు వానలకే ఊరివాళ్లు వచ్చి మా గేటు ముందు కూర్చున్నారు. మీ మట్టంతా మా చెరువులోకే వస్తోందని. వెళ్లి చూశాను, వాళ్లు చెప్పింది నిజమే, నాలా కిందంతా ఎర్రగా ఉంది. మేనేజరు "కుంట చాలట్లేదు, ఇంకో మూడడుగులు తవ్వించు" అంటున్నారు. అడుగున రాయి ఉంది. బ్లాస్టింగ్ పెడదామంటే ఇళ్లలో జనం దిగిపోయారు. ఒకటే టెన్షన్. లోతు పెంచితే సరిపోతుందా? ఎంత పెంచాలో లెక్క ఎలా కట్టాలి?

హ్యూమ్‌పైపు | జులై 8, రాత్రి 10:40

తమ్ముడూ, ఇరవై ఏళ్లుగా డ్రెయిన్లు వేస్తున్నా. 900 పీకి 1200 వెయ్. నీళ్లు ఎంత తొందరగా పోతే నీకంత నిద్ర. కుంటలో నిలబెడితే రేపు గోడ పడిందంటారు, ఎల్లుండి దోమలంటారు.

మత్తడి | జులై 8, రాత్రి 11:05

సతీష్, ఒక్క తట్ట మట్టి కూడా తీయించకు. 1200 పైపు మాట అసలే వద్దు. రేపు పొద్దున టేపు తీసుకుని కుంటలోకి దిగు. గోడ మీద నీళ్లు నిలిచిన మట్టిగీత ఉంటుంది. అడుగు నుంచి ఆ గీత ఎత్తెంతో మూడు చోట్ల కొలిచి చెప్పు. అట్లాగే డ్రెయిన్లు కుంటలో ఎక్కడ పడుతున్నాయో కాగితం మీద గీసి పెట్టు.

బెజవాడ_బ్రిడ్జి | జులై 8, రాత్రి 11:20

మధ్యలో దూరుతున్నందుకు సారీ. మత్తడి అంటే ఏంటి సార్?

మత్తడి | జులై 8, రాత్రి 11:22

మీ అలుగే, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు. మా దిక్కు మత్తడి అంటరు. ముప్పై ఏళ్లు చిన్న నీటివనరుల్లో పనిచేసి దాని మీదే కూర్చుని టిఫిన్ తిన్నవాణ్ణి, అందుకే ఆ పేరు.

సైట్_సతీష్ | జులై 9, ఉదయం 8:50

కొలిచాను సార్. మూడు చోట్లా ఒకటే, రెండడుగుల తొమ్మిది అంగుళాలు. డ్రెయిన్లు రెండు. పెద్దది ఎగువ చివర పడుతోంది. చిన్నది పక్కగోడలోంచి వస్తోంది, పైపుకి పన్నెండు మీటర్ల దూరంలోనే.

మత్తడి | జులై 9, ఉదయం 11:30

పైపు మూడడుగులు, గీత రెండుం ముప్పావు. అంటే పైపు నెత్తి కూడా మునగలేదు. ఆరడుగుల కుంట సగం కూడా నిండలేదు. నిండని కుంటను ఇంకా లోతు చేసి ఏం లాభం? మీ మేనేజరుకి ఈ ఒక్క కొలత చూపించు.

ఇప్పుడు లెక్క. నీళ్లు సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లు వస్తాయో తెలియాలంటే సీ విలువను (పడిన వానలో ఇంకకుండా పారిపోయే వాటా) వాన తీవ్రతతో, హెక్టార్ల విస్తీర్ణంతో గుణించి 360తో భాగించు. తీవ్రత గంటకు 60 మి.మీ. అనుకుందాం. నీకు వాతావరణ శాఖ (ఐఎండీ) నుంచి మీ ప్రాంతపు తీవ్రత పట్టిక దొరికితే అదే వాడు, నా అంకె పట్టుకుని డ్రాయింగు వేయకు. తుప్పలు, రాళ్లు ఉన్న పాత నేలకు సీ 0.3. రోడ్లు, కప్పులు వచ్చాక 0.7.

అప్పుడు: 0.3 × 60 × 8 ÷ 360 = 0.4
ఇప్పుడు: 0.7 × 60 × 8 ÷ 360 = 0.93

అంటే ఆ నాలాకి అలవాటైన దానికి రెండింతలకు పైగా పంపుతున్నారు. మీ కుంట అంచుదాకా నిండితే ఆ 900 పైపు ఒక్కటే సెకనుకు దాదాపు 2 ఘనపు మీటర్లు లాగేస్తుంది. వచ్చేదే ఒకటికి లోపు. ఇక నీళ్లు ఆగేదెక్కడ? మీరు కట్టింది కుంట కాదు, నాలాకి వెడల్పాటి చోటు.

గంటసేపు అదే వాన కురిస్తే వచ్చేది 0.93 × 3,600, సుమారు 3,360 ఘనపు మీటర్లు. బయటికి 0.4 మించకూడదు. ఇక్కడ కుర్రవాళ్లు చేసే తప్పొకటి ఉంది. సెకనుకు 0.4 చొప్పున గంటలో 1,440 పోయింది, మిగిలింది 1,920, అంతే చోటు చాలు అంటారు. వాన మొదలైన నిమిషం నుంచే తూము 0.4 ఇవ్వదు కదా, కుంట నిండేకొద్దీ ఒత్తిడి పెరిగి అప్పుడు ఇస్తుంది. సగటున మూడింట రెండొంతులే పోతుందనుకో, అంటే 960. కావలసిన చోటు 2,400. మీ కుంట 60 × 30 × 1.8, అంటే 3,240. చోటు ఎక్కువే ఉంది. తూము తప్పు.

హ్యూమ్‌పైపు | జులై 9, మధ్యాహ్నం 12:15

సార్ లెక్కకు దండం. మరి నీళ్లు పోకుండా ఆపితే పై ప్లాట్లలోకి ఎదురు తంతే ఎవరు కాపాడతారు? నా మాట కూడా వినండి కొంచెం.

మత్తడి | జులై 9, మధ్యాహ్నం 12:31

మంచి ప్రశ్న. దానికే మత్తడి. చెరువుకు తూమొకటి, అలుగొకటి ఎందుకు పెట్టారు మన పెద్దలు? తూము రోజువారీకి, అలుగు పెద్ద వానకి. సతీష్, మీ గోడకు అలుగు ఉందా?

సైట్_సతీష్ | జులై 9, మధ్యాహ్నం 12:40

లేదు సార్.

హ్యూమ్‌పైపు | జులై 9, మధ్యాహ్నం 12:41

అయ్యో.

కోనసీమ_రాలీ | జులై 9, రాత్రి 7:55

ఇక్కడ ఇంకా ఉదయమే, కాఫీ తాగుతూ రాస్తున్నాను. నార్త్ కరోలైనాలో రాలీ దగ్గర ఇదే పని చేస్తున్నాను. మా నేల కూడా మీలాంటి ఎర్రమట్టే, అందుకే సతీష్ బాధ బాగా తెలుసు.

ముందు ఒక పోలిక. అమెరికాలో ఈపీఏ (పర్యావరణ సంస్థ) నిర్మాణ స్థలాల పర్మిట్ ప్రకారం మట్టి ఆపే కుంట ఎకరాకు 3,600 ఘనపు అడుగులు పట్టాలి, లేదా రెండేళ్లకోసారి వచ్చే 24 గంటల వాననీటిని పట్టాలి. మీ 20 ఎకరాలకు మొదటి లెక్కలో 72,000 ఘనపు అడుగులు, అంటే 2,040 ఘనపు మీటర్లు. సతీష్ కుంట దానికన్నా ఒకటిన్నర రెట్లు పెద్దది. అదే పర్మిట్‌లో ఇంకో షరతు ఉంది, వీలైనంతవరకు నీళ్లు పైపొర నుంచే తీయాలి, అడుగు నుంచి కాదు. మీ పైపు అడుగునే ఉంది. మట్టి కూడా అడుగునే ఉంటుంది. మజ్జిగ కుండకు కింద చిల్లు పెట్టి పైన తేట కావాలంటే ఎలా?

ఇక లోతు సంగతి. మత్తడి సార్ వరద గురించి చెప్పారు, నేను మట్టి గురించి చెబుతాను. స్టోక్స్ సూత్రం ప్రకారం నిలకడ నీళ్లలో ఒక మీటరు దిగడానికి:

సన్న ఇసుక (0.1 మి.మీ.) – రెండు నిమిషాలు
ఒండ్రు (0.02 మి.మీ.) – ముప్పావు గంట
బంకమట్టి (0.002 మి.మీ.) – మూడు రోజులకు పైనే

రేణువు పదోవంతైతే వేగం నూరోవంతవుతుంది. అందుకే ఇసుకను ఏ గుంతైనా పడుతుంది, ఎరుపు రంగును మాత్రం పట్టదు.

ఒండ్రు దిగే వేగం సెకనుకు 0.36 మి.మీ. బయటికి పోయే నీటిని ఈ వేగంతో భాగిస్తే కావలసిన ఉపరితలం వస్తుంది. చాలామందికి ఇది మొదట మింగుడుపడదు. ఈ లెక్కలో లోతుకు చోటే లేదు! లోతు పెంచితే రేణువు ఎక్కువసేపు ఉంటుంది నిజమే, కానీ ఎక్కువ దూరం దిగాలి కూడా. రెండూ కొట్టేసుకుంటాయి. ఇప్పుడు 0.93 పోతోంది కాబట్టి దాదాపు 2,600 చదరపు మీటర్లు కావాలి, మీకున్నది 1,800. తూము బిగించి 0.4కి తెస్తే 1,100 చాలు, సుడులకు ఇరవై శాతం కలిపినా 1,330. అంటే ఒక్క తూము మారిస్తే వరదకీ మట్టికీ రెండింటికీ సరిపోతుంది.

కానీ ఒక్క కన్నంతో పని కాదు. ఏడాదిలో ఎక్కువ వానలు చిన్నవే. 0.4కి సరిపడే కన్నం అడుగున పెడితే చిన్న వాన ఆగకుండా జారిపోతుంది. అందుకని రెండంతస్తులు. మొదటి 25 మి.మీ. వానకి మీ దగ్గర వచ్చేది 1,400 ఘనపు మీటర్లు. మీ కుంటలో అది రెండడుగుల ఏడంగుళాల ఎత్తు. ఈ నీళ్లు ఒకటిన్నర రోజుల్లో మెల్లగా పోవాలి. లెక్క వేస్తే కన్నం వ్యాసం నాలుగుంబావు అంగుళాలు వచ్చింది. ఆ ఎత్తు దాటాక పెద్ద గంటు (గోడలో కోత), అది మొత్తం 0.4కి మించకుండా. దానిపైన ఐదడుగుల దగ్గర అలుగు. కింది భాగం నెమ్మదిగా ఖాళీ అవుతుంది కాబట్టి మత్తడి సార్ 2,400 కాస్తా 2,800 దాకా పోతుంది. ఐదడుగుల ఒక అంగుళం, దాదాపు మీ అలుగు పెదవి దాకా. మరో అడుగు ఎత్తు గోడ మిగులుతుంది.

హ్యూమ్‌పైపు | జులై 9, రాత్రి 8:30

మూడడుగుల పైపు ఉన్నచోట నాలుగుంబావు అంగుళాల చిల్లా? మేడంగారూ, మీ రాలీ సంగతి తెలీదు, ఇక్కడ ఒక్క గుట్కా ప్యాకెట్టు, ఒక వాటర్ ప్యాకెట్ కవరు చాలు దానికి. మొదటి వానకే మూసుకుంటుంది.

కోనసీమ_రాలీ | జులై 9, రాత్రి 8:48

వంద శాతం కరెక్టన్నా. ఒక్క కన్నంగా పెట్టకూడదు. పైపు ముందు నిలువుగా ఇంకో పైపు నిలబెట్టి, దానికి చుట్టూ చిన్న చిల్లులు కొట్టి, చుట్టూ 40 మి.మీ. కంకర పోగు వేస్తారు. చిల్లులన్నీ కలిపి చాలా ఎక్కువ ఉంటాయి, లోపల కింద ఉన్న నాలుగుంబావు అంగుళాల కన్నమే అసలు కొలత పెడుతుంది. కంకర మీద చెత్త చేరితే పారతో గీకేయొచ్చు. మేమైతే నీళ్ల మీద తేలే పైపు వాడతాం, ఎప్పుడూ పై తేటనే లాగుతుంది. పీవీసీ పైపు, వంగే హోసు, రెండు మూతబిగించిన డబ్బాలు ఉంటే మీ ప్లంబరు కూడా చేస్తాడు.

పక్కగోడ డ్రెయిను పైపుకి పన్నెండు మీటర్లలో పడుతోంది అన్నారు చూడండి, అది పెద్ద దొంగదారి. ఆ నీరు మిగతా నలభై ఎనిమిది మీటర్ల కుంటను చూడకుండానే వెళ్లిపోతుంది. వీలైతే ఆ డ్రెయిన్‌ను ఎగువకి తిప్పండి. కాకపోతే అడ్డంగా కొబ్బరిపీచు వలలు మూడు వరసలు కట్టండి. ఇక్కడ అది మామూలు పద్ధతి. కోనసీమలో పుట్టి అమెరికాలో కొబ్బరిపీచు డ్రాయింగులు గీస్తానని నేను కూడా అనుకోలేదు.

బాల్కనీ_17 | జులై 9, రాత్రి 9:15

నేను ఇంజనీరు కాదు, ఇలాంటి కుంట ఎదురుగా ఇల్లు కొనుక్కున్న అమాయకురాలిని. రెండు ప్రశ్నలు. నీళ్లు నిలబెడితే డెంగీ దోమలు రావా? ఆరడుగుల నిటారు గోడలో పిల్లలు పడితే?

మత్తడి | జులై 9, రాత్రి 9:40

అమ్మా, గుడ్డు నుంచి దోమ ఎగరడానికి మన వేడిలో వారం పది రోజులు కావాలి. కుంట ఒకటిన్నర రోజుల్లో ఖాళీ అయితే దానికి టైమ్ లేదు. భయపడాల్సింది అడుగు సమంగా లేక అక్కడక్కడా మిగిలే మడుగులకు. అడుగు పైపు వైపు వాలుగా ఉండాలి.

రెండోది నిజంగా ప్రమాదం. నిటారు గోడ నాకు ఇష్టం లేదు. కట్టేశారు కాబట్టి చుట్టూ కంచె, లోపలికి రెండు చోట్ల మెట్లు, పైపు నోటికి ఇనుప జాలీ. ఆ జాలీ ఏటవాలుగా ఉండాలి, నిలువుగా ఉంటే నీటి ఒత్తిడికి మనిషి దానికే అతుక్కుపోతాడు.

టెక్_తరుణ్ | జులై 9, రాత్రి 10:02

టోక్యో పక్కన కసుకబేలో భూమి కింద గుడి లాంటి ట్యాంకు కట్టారు, 177 మీటర్ల పొడవు. మన దగ్గర అలాంటివి ఎందుకు కట్టరు?

బెజవాడ_బ్రిడ్జి | జులై 9, రాత్రి 10:05

వచ్చేసింది టోక్యో. ఇంకా రాలేదేంటా అనుకుంటున్నా.

మత్తడి | జులై 9, రాత్రి 10:50

నవ్వకండి, హైదరాబాద్‌లో కూడా కడుతున్నారు. రాజ్‌భవన్ రోడ్డు పరిసరాల్లో భూమిలో సంపులు వచ్చాయి. పది లక్షల లీటర్ల సంపు అంటే వినడానికి పెద్దగా ఉంటుంది, 1,000 ఘనపు మీటర్లే. 25 మి.మీ. వాన నాలుగు, నాలుగున్నర హెక్టార్ల తారు, సిమెంటు మీద పడితే నిండిపోతుంది. ఒక కూడలిని కాపాడుతుంది, పేటను కాదు.

ఈ ఊరికి ఈ ఆలోచన కొత్తదీ కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వేలమందిని మింగాక విశ్వేశ్వరయ్య గారు చెప్పింది ఇదే, వరదను పైనే ఆపి మెల్లగా వదలండని. అందుకే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. తర్వాత అవే తాగునీటి చెరువులయ్యాయి. తాగునీటికేమో నిండుగా ఉండాలి, వరదకేమో ఖాళీగా ఉండాలి. 2020 అక్టోబరులో హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినప్పుడు కింద మూసీ పక్కన ఉన్నవాళ్లను అడగండి ఈ రెండింటి మధ్య తేడా.

సతీష్, ఇది నీకు కూడా పనికొస్తుంది. రేపు ఇళ్లవాళ్లు "కుంటలో ఎప్పుడూ నీళ్లుంటే బాగుంటుంది, బాతులు వేద్దాం, ఫౌంటెన్ పెడదాం" అంటారు. పెట్టుకోనీ. కానీ ఆ నీళ్ల చోటు అడుగున వేరేగా తవ్వుకోవాలి. పైన 2,800 మాత్రం వానకి ముందు ఖాళీగానే ఉండాలి.

కుంటకింద_పొలం | జులై 10, ఉదయం 6:20

నేను సతీష్ గారి పక్క ఊరివాణ్ణి కాదు, కానీ మాదీ అదే కథ, ఇంకో దిక్కున. మా చెరువుకి మిషన్ కాకతీయలో పూడిక తీశారు, ఆ మట్టి పొలాలకు తోలుకున్నాం, పంట బాగా వచ్చింది. ఇప్పుడు పైనున్న లేఅవుట్ల నుంచి వచ్చేది ఆ మట్టి కాదు. మొరం, సిమెంటు నీళ్లు, థర్మకోల్. పొలానికి పనికిరాదు, చేపకు పనికిరాదు.

మీరంతా కింద కుంట గురించి మాట్లాడుతున్నారు. పైన మట్టి ఎందుకు విప్పి పెట్టారో ఎవరూ అడగట్లేదు. ఇల్లు లేవని ప్లాట్లలో జనుము చల్లండి. నాలుగు తడులకు మోకాలెత్తు వస్తుంది. రాళ్లనేల అయితే ఉలవలు. విత్తనాల ఖర్చు మీ జేసీబీ ఒక్క రోజు బాడుగ కూడా కాదు.

కోనసీమ_రాలీ | జులై 10, సాయంత్రం 6:10

ఈ థ్రెడ్‌లో అన్నిటికన్నా మంచి సలహా ఇది. మేము గడ్డివిత్తనం చల్లి పైన ఎండుగడ్డి కప్పుతాం, పని అదే. బంకమట్టి ఒకసారి నీళ్లలో కలిశాక దాన్ని దింపడం నరకం, కలవకుండా చూడటమే చవక.

సైట్_సతీష్ | జులై 10, రాత్రి 9:30

అందరికీ చాలా థాంక్స్. జనుముకి మేనేజరు వెంటనే ఒప్పుకున్నారు, ఆశ్చర్యంగా. ఒక డౌట్: ఆ మిగిలిన ఎర్రరంగు దిగడానికి పటిక వేయొచ్చా? మా అమ్మమ్మ బిందెలో చిల్లగింజ అరగదీసేది, గుర్తొచ్చింది.

కోనసీమ_రాలీ | జులై 10, రాత్రి 10:05

మీ అమ్మమ్మది ఇంజనీరింగే! రేణువులను ఒకదానికొకటి అంటించి బరువు పెంచడం, మేమిక్కడ పాలిమర్లతో చేసేది కూడా అదే. కానీ బిందె వేరు, మూడు వేల ఘనపు మీటర్లు వేరు. పటిక మోతాదు మించితే నీరు ఆమ్లమై కింద చెరువులో చేపలు పోతాయి. జాడీ పరీక్ష (చిన్న జాడీల్లో మోతాదు మార్చి చూడటం) లేకుండా వేయొద్దు.

మత్తడి | జులై 10, రాత్రి 10:30

ఇంకొక్కటి, మర్చిపోయేవాణ్ణి. ఇప్పటిదాకా మీ గోడ ఐదడుగుల నీళ్లు ఎప్పుడూ మోయలేదు. తూము బిగించాక మోస్తుంది. పైపు గోడలోంచి పోయే చోట చుట్టూ కాంక్రీటు గట్టిగా ఉందా, గుల్లగా ఉందా కొట్టి చూడు. చెరువు కట్టలు అలుగు పొర్లి తెగినవాటికన్నా తూము పక్కన బుంగ పడి తెగినవి ఎక్కువ చూశాను. ముందు చెమ్మ వస్తుంది, తర్వాత బురదనీళ్లు వస్తాయి. బురద కనిపిస్తే చూస్తూ ఉండకు, కుంట ఖాళీ చేయించు. అలుగు కింద రాళ్ల పరుపు కూడా వేయండి, లేకపోతే దూకే నీళ్లు గోడ పునాదినే తవ్వుతాయి.

సైట్_సతీష్ | ఆగస్టు 21, రాత్రి 8:45

అప్‌డేట్. పైపు ముందు ఇటుకతో చదరంగా బావి లాగా కట్టించాం. అడుగున కన్నం, చుట్టూ కంకర పోగు, పైన గంటు, గోడలో ఎనిమిది మీటర్ల అలుగు. ఎగువన పెద్ద డ్రెయిను పడే చోట రాళ్ల తీగజాలీతో చిన్న అడ్డుకట్ట వేసి మొత్తంలో పదోవంతు విడదీశాం, ముతక మట్టి అక్కడే ఆగాలని. పక్క డ్రెయిన్‌ను తిప్పడం కుదరలేదు, కొబ్బరిపీచు వలలు కట్టాం. పైపు చుట్టూ ఒకచోట నిజంగానే గుల్లగా ఉంది సార్, సిమెంటు పాలు ఎక్కించాం.

మొన్న పెద్ద వాన. గీత నాలుగడుగుల రెండంగుళాలు. అలుగు పారలేదు. ఖాళీ అవడానికి రెండు రోజులు పట్టింది, లెక్క కన్నా పన్నెండు గంటలు ఎక్కువ. కంకరకు అట్ట కట్టుకుపోయిన ఆకులు తీయించాను. నీళ్ల రంగు? ఇంతకుముందు సాంబారు, ఇప్పుడు పల్చటి టీ. ఊరి పెద్దమనిషి ఒకాయన వచ్చి చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయారు. ముందు అడ్డుకట్టలో మాత్రం ఒక్క వానకే అడుగు మట్టి.

హ్యూమ్‌పైపు | ఆగస్టు 21, రాత్రి 9:10

1200 పైపు మాట వెనక్కి తీసుకుంటున్నా తమ్ముడూ. సరే, ఆ అడుగు మట్టి ఎలా తీస్తావ్? జేసీబీ దిగే దారి ఏది?

సైట్_సతీష్ | ఆగస్టు 21, రాత్రి 9:14

అదే అన్నా. నాలుగు పక్కలా గోడే.

బాల్కనీ_17 | ఆగస్టు 21, రాత్రి 9:30

అసోసియేషన్‌కి అప్పగించాక ఆ మట్టి తీయించే ఖర్చు ఎవరిది? మా దగ్గర ఇదే గొడవ రెండేళ్లుగా నడుస్తోంది. అప్పగింత కాగితంలో రాయించండి, ఏటా మే నెలలో తీయాలని, గోడ మీద ఎర్రగీత గీసి అక్కడిదాకా మట్టి వస్తే తీయాలని. నోటిమాటగా వదిలేస్తే మాలాగే అవుతుంది.

మత్తడి | ఆగస్టు 21, రాత్రి 10:00

ఎర్రగీత మంచి మాట. మట్టికి వదిలిన చోటు సగం నిండితే తీసెయ్యాలి, గీత అక్కడ గీయించు. ఇక గోడ ఎగువ మూలలో నాలుగు మీటర్లు కొట్టి ర్యాంపు వేయించు. వాలు ఒకటికి ఎనిమిది కన్నా నిటారుగా పెట్టకు, తడిమట్టితో ట్రాక్టరు ఎక్కదు. అంటే పదిహేను మీటర్ల దాకా పోతుంది, ఆ మేరకు కుంట చోటు తగ్గుతుంది. మళ్లీ లెక్క వేసి పెట్టు, రేపు చూస్తాను.